వాసన చూడమన్న దొంగ

కృష్ణాష్టమి ఇంకా రెండు రోజులుందనగా, మధ్యాహ్నం అన్నాలయ్యాక మా ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. మూడున్నరేళ్ల పిల్లోడున్న ఇంట్లో చప్పుడు వినపడలేదంటే టెన్షన్ పడాల్సిందే. వెతుక్కుంటూ పోతే మా చిన్నోడు బీరువా పక్కన, మన్ను తిన్న పాములా కదలకుండా కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే రెండో తరగతి చదివే వాళ్లక్క వెనకనుంచి అరిచింది.

"అమ్మా, తమ్ముడు మళ్లా బలపం తింటాండాడు!"

"తిన్నావా?" అన్నాను.

"నేనేమన్నా చిన్న పాపనా?"

"నేనడిగింది అది కాదు. బలపం తిన్నావా, లేదా?"

"అక్క అబద్ధాలు చెప్తాది. నువ్వు నన్ను కొట్టాలని."

పెదాల చుట్టూ సున్నం కొట్టినట్టు తెల్లటి గీత. చొక్కా మీద పొడి. ఎడమ చేతి పిడికిలి మాత్రం గట్టిగా మూసి వీపు వెనక దాచాడు. నేను చూస్తున్నానని తెలిసి ఒకడుగు ముందుకేసి, "కావాలంటే వాసన చూడు" అని నోరు ఇంత తెరిచి నా ముక్కు దగ్గర పెట్టాడు.

వంటింటి గడప దగ్గర చెనక్కాయలు ఒలుస్తున్న మా అత్త పకపకా నవ్వి, చేట పక్కన పెట్టి, ఎప్పుడో బళ్లో నేర్చుకున్న పద్యం ఎత్తుకుంది.

అమ్మా! మన్ను దినంగ నే శిశువునో? యాఁకొంటినో? వెఱ్ఱినో?
నమ్మం జూడకు వీరి మాటలు మది. న్నన్నీవు గొట్టంగ వీ
రి మ్మార్గమ్ము ఘటించి చెప్పెదరు. కాదేనిన్ మదీయాస్య గం
ధమ్మాఘ్రాణము జేసి నా వచనముల్ దప్పైన దండింపవే.

పోతన భాగవతం, దశమ స్కంధం. నేనూ చిన్నప్పుడు ఈ పద్యం అప్పజెప్పిన దాన్నే. అప్పుడది శార్దూలం, గణాలు, యతి, అంతే. బలపం పూసుకున్న నోరు ముఖం ముందు పెట్టుకుని వింటే కానీ ఇందులో ఎంత తెలివైన పిల్లోడున్నాడో తెలియలేదు.

మన్ను తినడానికి నేనేమన్నా పసివాణ్నా, ఆకలేసిందా, వెర్రివాణ్నా అని మూడు ప్రశ్నలు. వీళ్ల మాట నమ్మొద్దు, నీ చేత నన్ను కొట్టించడానికి కల్పించి చెబుతున్నారు అని ఎదురు ఫిర్యాదు. చివరికి, కాదంటే నా నోటి వాసన చూడు, నా మాట తప్పైతే అప్పుడు దండించు అని సవాలు. మొత్తం పద్యం వెతికినా "నేను తినలేదు" అన్న ఒక్క మాట మాత్రం లేదు!

సంస్కృత భాగవతంలో అలా కాదు. అక్కడ కృష్ణుడు "నాహం భక్షితవానంబ" అని మొదటి మాటలోనే తేల్చేస్తాడు. అమ్మా, నేను తినలేదు, అందరూ అబద్ధం చెబుతున్నారు, కావాలంటే నా నోరు చూడు అంటాడు. చూడమన్నాడే కానీ వాసన చూడమనలేదు. ఆ మూడు ప్రశ్నలూ, ఈ వాసనా పోతన తెచ్చి పెట్టినవి. పసిపిల్లల నోటి దగ్గర ముక్కు పెట్టి, ఏం తిన్నారో కనిపెట్టే అలవాటు ఉన్న ఇంట్లోంచి వచ్చిన పద్యం ఇది. మన పురాణాల్లో కొడుకు కాళ్లకు మొక్కితే తండ్రి తల మూర్కొంటాడు, ఆశీర్వాదం అన్నట్టు. అమ్మ మాత్రం నోరు వాసన చూస్తుంది. అది ఆశీర్వాదం కాదు, సోదా.

ఇంతకీ పోతన మావాడని ఒంటిమిట్ట వైపు మేము, మావాడని బమ్మెర వైపు వాళ్లు, ఈ తగవు ఎప్పటినుంచో ఉంది. నేను కడప దాన్ని, నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు. పోయినేడు పిల్లల్ని ఒంటిమిట్ట తీసుకుపోయాం. అక్కడ సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, పక్కన ఆంజనేయుడు ఉండడు. రాముడికి హనుమంతుడు ఇంకా పరిచయం కాకముందటి రూపమని పెద్దలు చెబుతారు. చిన్నోడు గర్భగుడి ముందు నిలబడి వేలు మడిచి లెక్కపెట్టి, "హనుమంతుడు యాడికి పోయినాడు?" అని గట్టిగా అడిగాడు. మేము సమాధానం వెతుక్కునేలోపు వాడే, "బయట చెప్పుల కాడ ఉన్నాడేమోలే" అన్నాడు. ఏ గుడికి పోయినా చెప్పులకు కాపలా వాళ్ల నాన్నే కదా. తీరా బయటికి వస్తే గుడికి ఎదురుగా సంజీవరాయ స్వామి గుడి, అందులో ఆంజనేయుడు! వాడు నా వైపు చూసిన చూపు నేను ఇంకా మరిచిపోలేదు.

సరే, నోటి సంగతికి వస్తాను. వాసన చూశాను. మధ్యాహ్నం తిన్న పెరుగన్నం, దాని మీద తడి మట్టి వాసన. పద్నాలుగు భువనాలు కనిపించలేదు. కింది దవడలో పుచ్చు మొదలైన పన్ను ఒకటి, దాని పక్కన చెనక్కాయ పలుకు, నాలుక కింద నానుతున్న బలపం ముక్క. వేలు పెట్టి తీశాను. వాడు ఆ ముక్కను నాకంటే ఎక్కువ ఆశ్చర్యంగా చూసి, "అదే వచ్చింది" అన్నాడు.

నవ్వుకున్నా, మరుసటి రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మన్ను, బలపం, గోడ సున్నం తినే పిల్లల్లో చాలాసార్లు ఇనుము తక్కువగా ఉంటుంది. ఈ వయసు పిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకు తగ్గకూడదు, మా వాడికి 9.8 వచ్చింది. ఐరన్ సిరప్, నులిపురుగుల మాత్ర రాసిచ్చారు. యశోదకు ఈ బాధ లేదు కాబట్టి కథ నేరుగా విశ్వరూపానికి పోయింది. మీ ఇంట్లో బాలకృష్ణుడు ఉంటే మాత్రం ముందు రక్తపరీక్ష చేయించండి.

ఆ విశ్వరూపం తర్వాత జరిగిందే నాకు అసలు కథ. నోట్లో కొండలు, సముద్రాలు, ఆకాశం, ఆ లోకంలోనే రేపల్లె, రేపల్లెలో తనూ కనిపించేసరికి యశోద తల తిరిగిపోతుంది. "కలయో! వైష్ణవమాయయో!" అని మొదలుపెట్టి, అసలు నేను యశోదనేనా అని కూడా అనుమానపడుతుంది. ఈ పిల్లాడే పరమాత్మ అని తెలిసిపోతుంది. ఇంకెవరికైనా అయితే అక్కడితో కథ ముగిసి మోక్షం రావాలి. కృష్ణుడు ఏం చేశాడు? మాయ కప్పాడు. సంస్కృతంలో ఆ మాయకు వ్యాసుడు పెట్టిన విశేషణం "పుత్రస్నేహమయీం". కొడుకు మీది ప్రేమే ఆ మాయ. వెంటనే ఆమె చూసిందంతా మరిచిపోయి పిల్లాణ్ని ఒళ్లోకి తీసుకుంది. మునులు మాయ తొలగించమని తపస్సు చేస్తారు. ఈమెకు దేవుడే పిలిచి మాయ ఇచ్చాడు, నేను నీకు దేవుణ్ని కాదు, స్నానం చేయించాల్సిన పిల్లాణ్ని అన్నట్టు.

ఆ మరుపు ఎంత అవసరమో నాకు మొన్న తెలిసింది. పొయ్యి మీద పాలు పెట్టి నిలబడ్డాను. చిన్నోడు నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, "అమ్మా, నేను పుట్టకముందు నువ్వు నా కోసం యాడ వెతికినావు?" అన్నాడు. గరిటె చేతిలో అలాగే ఉండిపోయింది. ఎక్కడ వెతికాను? వెతుకుతున్నానని నాకే తెలియదు కదా. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. ఆ లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది, వాడు అదే అదనుగా చక్కెర డబ్బా కిందికి లాగి ఒలకబోశాడు. "నీకు బుద్ధి ఉండాదా!" అని అరిచాను. అరనిమిషం కూడా పట్టలేదు. యశోదకూ అంతే. భాగవతంలో తర్వాతి అధ్యాయంలోనే, పాలు పొంగుతున్నాయని ఒళ్లో పిల్లాణ్ని దించి పరుగెత్తుతుంది, వాడు కుండ పగలగొడతాడు, ఆమె కర్ర తీసుకుని వెంటపడుతుంది. బ్రహ్మాండాలు చూసిన కళ్లే అవి.

ఇక అష్టమి రోజు. మా అత్త ఒక్కపొద్దు. రాత్రి పూజ అయ్యేదాకా పచ్చి గంగ కూడా ముట్టదు. అది చూసి చిన్నోడు పొద్దున మూడు దోశలు తిని, "నేను కూడా ఒక్కపొద్దు" అని ప్రకటించాడు. ఇంట్లో అందరం ఒప్పుకున్నాం, లేకపోతే నాలుగో దోశ అడుగుతాడు.

మా వైపు నాన్నమ్మను జేజి అంటాం. దేవుణ్ని కూడా పసిపిల్లలకు జేజి అనే నేర్పిస్తాం. ఈ రెండు జేజిల మధ్య మా వాడికి పుట్టినప్పటినుంచి తిరకాసే. "జేజికి దండం పెట్టుకో" అంటే పటాల వైపు కాకుండా మంచం మీది మా అత్త వైపు తిరిగి చేతులు జోడించేవాడు. మొదట్లో దిద్దేవాళ్లం. ఆ తర్వాత మా అత్తే, "పోనీలేమ్మా, నాకు మాత్రం ఎవరు పెడతారు" అని ఊరుకోబెట్టింది. ఆ రోజు కూడా చిలికిన వెన్న గిన్నె చూపించి, "ముందు జేజికి పెట్టాలి, తర్వాతే మనకు" అని నేను చెప్పి అటు తిరిగేలోపు, వాడు ముద్ద తీసుకుపోయి ఒక్కపొద్దు ఉన్న ముసలామె నోటికి పూసేశాడు. ఆమె పెదాలు బిగించుకుని కూర్చుంది, నవ్వలేక, ఉమ్మలేక. పైటచెంగుతో తుడుచుకుని, "కృష్ణా, లెక్కలో రాసుకోవద్దు నాయనా" అంది.

సాయంత్రం పాదాలు వేయాలి. తడిపిన బియ్యప్పిండిలో పిడికిలి చిటికెనవేలి వైపు అద్ది గచ్చు మీద ఒత్తితే పాదం వస్తుంది, పైన వేలికొసతో ఐదు చుక్కలు పెడితే వేళ్లు. మా ఇంట్లో కడప బండలు పరిచారు, నల్లటి బండ మీద ఆ తెలుపు వెన్నెల్లా కనపడుతుంది. వీధి గడప నుంచి నేను రెండు పాదాలు వేశానో లేదో, చిన్నోడు గిన్నెలో రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు. "ఇవి నిజం పాదాలు, అవి దొంగ పాదాలు" అన్నాడు. కాదనడానికి మాకు మాట దొరకలేదు. వాళ్లక్క చెయ్యి పట్టుకుని నడిపించింది. ఎడమ, కుడి, ఎడమ. గడప దాటి, నడవ దాటి, పూజగది దాకా బ్రహ్మాండంగా వచ్చాడు. నేను ఫోనులో ఫొటో తీసుకుని హారతి పళ్లెం సర్దుకోవడానికి లోపలికి పోయాను.

బయటికి వచ్చి చూస్తే పాదాలు పూజగదిలో ఆగలేదు. అక్కడే గుండ్రంగా తిరిగి, ఫ్రిజ్ దాకా పోయి, అక్కడ కాసేపు తచ్చాడి, మళ్లీ నడవలోంచి వీధి గడప దాటి బయటికి పోయాయి. నాకు గుండె గతుక్కుమంది. ఇంట్లోకి రావాల్సిన స్వామి బయటికి పోతున్నట్టు పాదాలు ఉంటే శకునం ఏమంటారో అని.

"అత్తా, ఇట్లా పోయినాయి చూడు."

మా అత్త వంగి చూసింది. పలచబడుతూ, ఒక పాదం ఉండీ ఒకటి లేకుండా, అవి మెట్లు దిగి పక్కింటి అరుగు ఎక్కాయి. "వెన్న ఆడ బాగుండాదేమో. ఆయనకు కొత్త అలవాటా ఇది?" అని నిమ్మళంగా లోపలికి పోయింది.

పక్కింట్లో ఆపా వాళ్లుంటారు. నేను ఆపా అంటే మా పిల్లలూ ఆపా అనే అంటారు. ఉగాది పొద్దున్నే దేవుని కడప గుడి ముందు ముస్లింలు బారులు తీరి ఉంటారు, బీబీ నాంచారి తమ ఆడబిడ్డ, వెంకటేశ్వరస్వామి తమ అల్లుడు అని. ఆపా కూడా ఏటా టెంకాయ, బెల్లం తీసుకుని పోయి వస్తుంది, వచ్చేటప్పుడు మా అత్తకు ప్రసాదం తెస్తుంది. అందుకని ఆ అరుగు మీద పిండి పాదాలు చూసి ఆమె ఏమనుకుంటుందో అన్న బెంగ నాకు లేదు. తుడిచేస్తుందేమో అనుకున్నాను. నేను పోయేసరికి ఆపా నీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని అరుగు కడుగుతోంది, పాదాలున్న చోట మాత్రం వదిలేసి చుట్టూ కడుగుతోంది. "ఉండనీ పాపా, ఆరినాక చూద్దాం" అంది.

చిన్నోడు ఆమె వెనక, తలుపు సందులో ఉన్నాడు. చేతులు రెండూ వీపు వెనక. మూతి చుట్టూ ఈసారి పసుప్పచ్చగా ఏదో మెరుస్తోంది, గడ్డం మీద ఒక సేమియా పోగు.

"ఒక్కపొద్దన్నావే. ఏం తిన్నావు?"

వాడు నా దగ్గరికి వచ్చి, మునికాళ్ల మీద లేచి, అడగకుండానే నోరు తెరిచి ముఖం మీదికి ఊదాడు. నెయ్యి, యాలకులు, జీడిపప్పు.

"నేను తినలే" అన్నాడు. "ఆపా పెట్టింది."