రెండొందల ఒకటో యూనిట్

తెలంగాణలో ఇంటి కరెంటు బిల్లు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఏ ఫ్యాను కొనాలా అని కాదు, నెలకు రెండొందల యూనిట్లు దాటుతున్నామా లేదా అని. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం నెల వాడకం 101 నుంచి 200 యూనిట్ల మధ్య ఉంటే, మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. సరిగ్గా 200 కాలిస్తే 820 అవుతుంది. 201 కాలిందా, ఆ ఇల్లు వేరే వర్గంలోకి పోతుంది. అక్కడ మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 200 దాటినవాటికి 7.70. అంటే 1,027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలన్నమాట. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం వీటికి అదనం. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇళ్లకు దెబ్బ ఇంకా గట్టిది. 200 దాకా జీరో బిల్లు, 201కి బిల్లు మొత్తం కట్టాల్సిందే.

అందుకే నెలకు 230, 240 యూనిట్ల దగ్గర ఆడే ఇల్లు ఓ నలభై యూనిట్లు తగ్గించుకుంటే వచ్చే లాభం, 350 కాల్చే ఇల్లు నలభై తగ్గించుకుంటే రాదు. 236 యూనిట్లకు 1,297.20 పడుతుంది. 192కి దిగితే 781.60. తగ్గింది 44 యూనిట్లు, మిగిలింది 515 రూపాయల పైమాటే.

ఆ 44 యూనిట్లు ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవడానికి ఏ యంత్రమూ కొననక్కర్లేదు. డిజిటల్ మీటర్ మీద ఎర్రగా మిణుకుమనే చిన్న లైటు ఉంటుంది. దాని పక్కనే చాలా మీటర్ల మీద 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ అని రాసి ఉంటుంది. 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ కాలినట్టు. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క ఫ్యాను ఫుల్ స్పీడులో పెట్టి, నిమిషంలో ఎన్నిసార్లు మిణికిందో లెక్కపెట్టండి. నాలుగు సార్లయితే గంటకు 240. దాన్ని 3200తో భాగిస్తే 0.075, అంటే 75 వాట్లు. మామూలు సీలింగ్ ఫ్యాను తినేది సుమారుగా ఇంతే. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యానైతే నిమిషం చాలదు, అయిదు నిమిషాలు నిలబడాలి. ఎనిమిది మిణుకులొస్తే 30 వాట్లు. మీ మీటరు మీద 1600 అని ఉంటే ఒక్కో మిణుకుకీ రెట్టింపు కరెంటు అని లెక్కేసుకోండి.

ఇక్కడ చాలామంది ఇన్వర్టర్ దగ్గర పప్పులో కాలేస్తారు. ఇన్వర్టర్‌కి వచ్చే కరెంటు ఆపేసి ఫ్యాను వేస్తే అది బ్యాటరీ మీద తిరుగుతుంది, మీటరు ఉలకదు పలకదు. ‘మా ఫ్యానుకి కరెంటే కాలట్లేదు’ అని సంబరపడిపోతారు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు, ఇన్వర్టర్ ఆన్‌లోనే ఉంచి, ఫ్యాను ఆపి ఒకసారి, వేసి ఒకసారి లెక్కపెట్టి తేడా తీసుకోవాలి. ఫ్యాను ఆపినప్పుడు వచ్చిన అంకెను కూడా పారేయకండి. ఫ్రిజ్ ప్లగ్గు తీసేశాక కూడా మిణుకులు గబగబా వస్తుంటే బ్యాటరీ ముసలిదై ఎంతకీ చార్జింగ్ నిండట్లేదని అనుమానించాలి.

ఇప్పుడు ఫ్యాన్లు. హాల్లో రోజుకు 14 గంటలు తిరిగే మామూలు ఫ్యానుని బీఎల్‌డీసీకి మారిస్తే నెలకు దాదాపు 19 యూనిట్లు, పడగ్గదిలో 9 గంటలు తిరిగేదాన్ని మారిస్తే 12 తగ్గుతాయి. ఈ రెండూ చాలు. రోజుకు గంట తిరిగే చుట్టాల గది ఫ్యానుకి మిగిలేది నెలకు యూనిట్టున్నర కూడా కాదు. దాన్ని మార్చడం డబ్బు పారబోసుకోవడమే. నాలుగు ఫ్యాన్ల ఆఫర్ చూసి మోజుపడకండి.

బీఎల్‌డీసీ ఫ్యాను బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ని లైను నుంచి తప్పించి నేరుగా స్విచ్చికి కలపమని ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పాలి. స్పీడు మార్చే పని ఆ ఫ్యాను లోపలి బోర్డుదే. పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును కోసి ముక్కలుగా పంపుతుంది, దాంతో ఫ్యాను గుయ్యిమంటుంది, కొన్నాళ్లకు బోర్డు పోతుంది. వారంటీ కార్డులో మోటారుకే కాదు, బోర్డుకి ఎన్నేళ్లిచ్చారో కూడా చూసుకోండి. పోయేది ఎక్కువగా బోర్డే. రిమోట్ పోతే గోడ స్విచ్చితోనే స్పీడు మార్చుకునే వీలున్న మోడల్ తీసుకుంటే పెద్దవాళ్లున్న ఇంట్లో గోల ఉండదు.

పాత ఫ్యానునే ఉంచుకునేవాళ్లకి ఒక మాట. ఫ్యాను నెమ్మదించిందంటే చాలాసార్లు మోటారు తప్పు కాదు, కండెన్సర్ నీరసించింది. ఎక్కువ ఫ్యాన్లకి 2.5 మైక్రోఫారాడ్‌ది సరిపోతుంది, పాతదాని మీద అంకె చూసి అదే తెచ్చుకోండి. గోడ మీద ఇంకా పెద్ద డబ్బా రెగ్యులేటర్ ఉంటే మాత్రం తీసేయండి. స్పీడు తగ్గించినప్పుడు అది కరెంటును పెద్దగా ఆదా చెయ్యదు, చాలావరకు వేడి చేసి వదిలేస్తుంది. చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

ఫ్యాన్ల మీద 31 వచ్చాయి. మిగతా 13 సంపు మోటారు దగ్గరా టీవీ వెనకా దొరుకుతాయి. ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ తాగుతుంది. అది తిరిగేటప్పుడు మీటరు లైటు దాదాపు సెకనుకోసారి కొట్టుకుంటుంది. ట్యాంకు నిండాక రోజూ పావుగంట పొంగితే నెలకు ఏడున్నర యూనిట్లు, నీళ్ల సంగతి సరేసరి. ఫ్లోట్ స్విచ్చో, ట్యాంకు నిండగానే మోటారు ఆపే కంట్రోలరో పెట్టించండి. సంపులో కూడా ఒక సెన్సర్ వేయించాలి. నీళ్లయిపోయాక ఉత్తగా తిరిగితే మోటారు సీలు కాలిపోతుంది. ఇక సెటాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే అది ఆగదు, నిద్ర నటిస్తుంది. పది వాట్ల బాక్సును రోజుకు 18 గంటలు గోడ దగ్గరే ఆపితే 5.4 యూనిట్లు.

ఆంధ్రలో ఈ గండి లేదు. అక్కడ ఏ మెట్టు యూనిట్లకు ఆ మెట్టు రేటే. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, ఆపైన 400 దాకా 8.75. అదే 236 నుంచి 192కి దిగితే మిగిలేది 294 రూపాయలు. ఫ్యాన్ల ఖర్చు రాబట్టుకోవడానికి ఇంకాస్త సమయం పడుతుంది, అంతే.

ఏసీ నడిచే ఏప్రిల్, మే నెలల్లో రెండొందల లెక్క మర్చిపోండి. అప్పుడు పై యూనిట్లు 7.70కో 9కో పోతుంటాయి కాబట్టి ఏసీని 26 మీద పెట్టి ఫ్యాను తోడివ్వడం, రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగడం ముఖ్యం. ఏడాది పొడవునా 400 దాటే ఇంటికి సోలార్ ఆలోచించదగ్గదే. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది, కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తాయి. 192 యూనిట్లకు దిగిన ఇంటికి మాత్రం, యూనిట్ల ఖరీదే ఎనిమిది వందల లోపు కాబట్టి, ఆ పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ముందు ఫ్యాన్లు మార్చి, ఓ ఏడాది బిల్లులు పక్కన పెట్టుకుని, ఆ తర్వాత ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోండి.