టర్కీ వచ్చింది, టేబుల్ క్లాత్ రావడం లేదు

పాత అమెరికన్ పత్రికల పేజీలు స్కాన్ చేసి, శుభ్రం చేసి ఆల్బం కడుతున్నాను. ఒక పేజీలోని బొమ్మలో తెల్ల టేబుల్ క్లాత్ మీద చారలు ఈ వారం కూడా పోలేదు. విసుగొచ్చేస్తోంది.

పేజీ ఏదంటే, 1943 మార్చి 6 నాటి శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ వేసిన ‘ఫ్రీడమ్ ఫ్రమ్ వాంట్’ (లేమి నుంచి స్వేచ్ఛ). నాలుగు స్వేచ్ఛల మీద ఆయన వేసిన నాలుగు బొమ్మల్లో ఇదొకటి. ఇంటి పెద్దావిడ వండిన టర్కీ కోడి పళ్లెం బల్ల మీద దించుతూ ఉంటుంది, వెనక పెద్దాయన, చుట్టూ ఇంటిల్లిపాదీ. కింద కుడి మూలన ఒకతను మన వైపే చూస్తుంటాడు. టర్కీ రంగు మొదటి స్కాన్‌లోనే బ్రహ్మాండంగా వచ్చింది. మొహాలు వచ్చాయి. అదే సంచికలోని ప్రకటనల పేజీలూ శుభ్రంగా వచ్చాయి. తుప్పు పట్టిన పిన్నులు తీసేశాను, ముక్కిపోయిన వాసన చాలావరకు తగ్గింది, రెండు సగాలుగా తీసిన స్కాన్లను హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అతుకు కనిపించలేదు. మిగిలింది టేబుల్ క్లాతే.

ఈ బొమ్మలో ఇంకేం పాడైనా సర్దుకుంటాను కానీ తెలుపు పాడైతే ఊరుకోలేను. తెల్ల గుడ్డ మీద తెల్ల పళ్లేలు, వెనక తెల్ల కర్టెన్లు, గ్లాసుల్లో మంచినీళ్లు. టర్కీ కాక బల్ల మీద ఉన్నది సెలరీ, క్రాన్‌బెర్రీ, కొన్ని పళ్లు. థాంక్స్‌గివింగ్ (అమెరికాలో టర్కీ వండుకునే పండగ) అంటే కడుపు పగిలేలా తినడమని ఇప్పుడు మనం అనుకుంటాం కానీ, ఈ బల్ల మీద తిండికంటే ఖాళీ తెలుపే ఎక్కువ. పైగా ఆ సంచిక తేదీకి ఐదు రోజుల ముందే, మార్చి 1న, యుద్ధం వల్ల అమెరికాలో డబ్బా ఆహారాలకు పాయింట్ల రేషన్ మొదలైంది. చక్కెర, కాఫీ అప్పటికే రేషన్‌లో ఉన్నాయి. మాంసం అదే నెల 29 నుంచి. పది సెంట్లు పెట్టి ఈ పత్రిక కొన్న ఇల్లాలు ఒక చేత్తో కూపన్ల పుస్తకం పట్టుకుని ఈ బొమ్మ చూసి ఉంటుంది. అందుకే ఆ గుడ్డలోని నీడలు ఉన్నవి ఉన్నట్టు రావాలని నా పట్టుదల.

ఇక కొలతలు. స్కానర్ ఎప్సన్ వి600, అంగుళానికి 1200 పిక్సెళ్లు, 48 బిట్ రంగు. (పల్చటి సీఐఎస్ రకం స్కానర్లు కుట్టు దగ్గర కాగితం కాస్త లేస్తే చాలు మసకబారుస్తాయి. పాత పత్రికలకు వి600 లాంటి సీసీడీ రకమే కావాలని నా గట్టి అభిప్రాయం.) అచ్చు బొమ్మ అంతా సన్నటి సిరా చుక్కలే. భూతద్దంతో లెక్కపెడితే 5 మిల్లీమీటర్లలో 23, 24 చుక్కలు, అంటే అంగుళానికి సుమారు 120 గీతల స్క్రీన్ (బొమ్మను చుక్కలుగా విడగొట్టే జాలీ). ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో 4096 పిక్సెళ్ల చదరం తీసి ఎఫ్‌ఎఫ్‌టీ (బొమ్మలో మళ్లీ మళ్లీ వచ్చే నమూనాలను విడిగా చూపించే లెక్క) చేస్తే మధ్య నుంచి 410 పిక్సెళ్ల దూరంలో చుక్కల తాలూకు శిఖరాలు కనిపించాయి. లెక్క సరిపోయింది. వాటిని మూసేసి తిరిగి బొమ్మగా మారిస్తే చుక్కలు మాయమయ్యాయి. ఇంతవరకు హాయిగానే ఉంది.

చుక్కలు పోయాక చారలు బయటపడ్డాయి. గుడ్డ మీద బూడిద నీడ పడిన చోట మాత్రమే, ఐమూలగా, చారకీ చారకీ మధ్య 2 మిల్లీమీటర్లు, అంటే 94, 95 పిక్సెళ్లు. నలుపు నుంచి తెలుపు దాకా 255 మెట్లనుకుంటే, తేడా నాలుగైదు మెట్లే. ముదురు రంగులో అయితే ఎవరికీ కనిపించదు, తెలుపు మీద మాత్రం కన్ను నేరుగా అక్కడికే పోతుంది. చిన్న సైజుకు కుదించినా పోదు.

స్కానింగ్ వల్ల వచ్చిన మోరే (రెండు సన్నటి నమూనాలు ఒకదాని మీద ఒకటి పడితే కనిపించే చారలు) అని మొదటి అనుమానం. పేజీని గాజు మీద 7, 15, 30 డిగ్రీలు తిప్పి చూశాను. స్కానర్ వల్ల వచ్చేదైతే చారల వెడల్పు మారాలి. మారలేదు, పేజీతోపాటే తిరిగాయి. వెనక పేజీ అక్షరాలు తొంగిచూస్తున్నాయేమోనని నల్ల కాగితం పెట్టాను. తెలుపు కాస్త తగ్గింది, చారలు అలాగే ఉన్నాయి. అతికించడానికి ముందు విడి స్కాన్‌లోనూ ఉన్నాయి. కాబట్టి ఇది 1943లో సిరాతోపాటు కాగితం మీదికి ఎక్కిన చారే.

ఎలా ఎక్కిందన్నది నా ఊహ. నాలుగు రంగుల అచ్చులో ఒక్కో రంగు స్క్రీన్‌ను ఒక్కో కోణంలో తిప్పుతారు. రెండు స్క్రీన్ల మధ్య 30 డిగ్రీలుంటే వాటి కలయిక చాలా సన్నగా ఉండి కంటికి ఆనదు. పసుపుకి పక్క రంగుతో 15 డిగ్రీలే దొరుకుతుంది, అప్పుడు 120 గీతల స్క్రీన్‌కు 0.8 మిల్లీమీటర్ల నమూనా రావాలి. 2 మిల్లీమీటర్లు రావాలంటే ఏవో రెండు స్క్రీన్ల మధ్య కోణం 6 డిగ్రీల దగ్గర ఉండాలి. ముప్పై లక్షలకు పైగా కాపీలు తీసే పత్రికకు ఒకే బొమ్మకు చాలా జతల ప్లేట్లు కావాలి. వాటిలో ఒక జతలో నీలం గానీ నలుపు గానీ పక్కకు వాలి ఉండొచ్చు. విజయవాడలోనో మద్రాసులోనో మూడు రంగుల హాఫ్‌టోన్ బ్లాకులు చేసిన అనుభవం ఉన్నవాళ్లు ఇది చదివితే, ఇలా జరుగుతుందో లేదో తప్పకుండా చెప్పండి. పుస్తకాల్లో దొరకని సంగతి ఇది.

కారణం ఏదైనా, తీయడమే కుదరడం లేదు. ఎఫ్‌ఎఫ్‌టీలో ఈ చార ఒకే చుక్కగా ఉంటే పని ఐపోయేది. కానీ ఎనభై ఏళ్లలో కాగితం ఒక్కోచోట ఒక్కోలా సాగింది. ఎడమ అంచున చారల దూరం 1.9, కుడివైపు కుట్టు దగ్గర 2.4. దాంతో ఆ శిఖరం మధ్య నుంచి 36 నుంచి 46 పిక్సెళ్ల దాకా దోసె పిండిలా పరుచుకుంది. 4 పిక్సెళ్ల ముసుగు వేస్తే మధ్యలో చారలు పోయి అంచుల్లో మిగులుతున్నాయి. 10 వేస్తే అన్నీ పోతాయి, వాటితోపాటు గుడ్డ మడతల నీడలూ పోతాయి, నీళ్ల గ్లాసుల అంచుల వెంట అలలు లేస్తాయి. ఆ మడతలూ దాదాపు అదే వెడల్పులో ఉన్నాయి మరి. 1024 చదరాలుగా కోసి విడివిడిగా చేశాను. అంత చిన్న చదరంలో చార మధ్యకు 11 పిక్సెళ్ల దూరంలోనే పడుతుంది, అక్కడ ఉండేవి అసలు నీడలు. ముట్టుకుంటే గుడ్డ ప్లాస్టిక్ షీటులా తయారవుతోంది. గాసియన్ బ్లర్, డీస్క్రీన్ లాంటి నునుపు చేసే ఫిల్టర్లు చుక్కలకే పనికొస్తాయి, చారలకు దండగ.

ఏఐతో బాగుచేసే యాప్ ఒకటి వాడమని స్నేహితుడు అన్నాడు. చారలు పోయాయి, నిజమే. గుడ్డ మీద రాక్‌వెల్ వేయని నేత ప్రత్యక్షమైంది. అలాంటివి నా ఆల్బంలోకి రావు. లేనిది కల్పించే పనిముట్టు కంటే చారలున్న స్కానే నయం.

ఈ పేజీని వదలకపోవడానికి ఇంకో కారణం దీంతోపాటు వచ్చిన వ్యాసం. దాన్ని రాసింది కార్లోస్ బులోసాన్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి పొలాల్లో కూలి చేసిన మనిషి. మిగతా మూడు స్వేచ్ఛలకు రాసినవాళ్లు బూత్ టార్కింగ్టన్, విల్ డ్యురాంట్, స్టీఫెన్ విన్సెంట్ బెనే. ముగ్గురూ అప్పటికే పెద్ద పేర్లు. నిండు బల్ల బొమ్మకు తోడుగా, బల్ల నిండని కష్టజీవుల తరఫున ఒక వలస కూలీ మాట అచ్చయింది. ఇదే దేశానికి వలస వచ్చినవాడిని కాబట్టి నాకు ఆ వ్యాసం బొమ్మ కంటే ఎక్కువ. పాత అమెరికా విలువలంటూ జనం బొమ్మ ఒక్కటే పంచుకుంటారు. రెండూ కలిపి చూపించాలని నా కోరిక.

ఆ లెక్కనే తర్వాతి పేజీ కూడా తేల్చుకున్నాను: 1964 జనవరి 14 లుక్ పత్రికలో, తెల్లపిల్లల బడిలో చేరిన నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్ బడికి నడిచి వెళ్లే బొమ్మ. అదీ రాక్‌వెల్ వేసిందే. పోస్ట్‌కు వేసిన రోజుల్లో నల్లజాతివారిని పనివాళ్లుగా తప్ప చూపించకూడదన్న ఆంక్ష ఉండేదని రాక్‌వెల్ తర్వాత చెప్పారు. 1963లో పోస్ట్ వదిలేశాక లుక్‌కు మొదట వేసినవాటిలో ఇదొకటి. థాంక్స్‌గివింగ్ బల్ల ఉన్న ఆల్బంలో ఆ పాప కూడా ఉండాలి.

అంతకన్నా ముందు, మార్చి 6 సంచికదే ఇంకో కాపీ వెతుకుతున్నాను. అట్ట చిరిగినా, ప్రకటనలు కత్తిరించేసినా పర్వాలేదు, ఆ ఒక్క పేజీ ఉంటే చాలు. వేరే జత ప్లేట్లతో అచ్చయి ఉంటే చారలు ఉండకపోవచ్చు, లేదా వేరే కోణంలో ఉండొచ్చు. వేరే కోణంలో ఉంటే రెండు స్కాన్లనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏ కాపీలో శిఖరం లేదో ఆ భాగాన్ని దాని నుంచే తీసుకోవచ్చు. ఈలోగా ఎండలు ముదరకముందే మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్ వెళ్లాలి. అసలు పెయింటింగ్ అక్కడి రాక్‌వెల్ మ్యూజియంలో ఉంది. గుడ్డ నీడల్లో నీలం ఎంత, బూడిద ఎంత అన్నది అక్కడ నా ప్రింటు పక్కన పెట్టుకుని చూస్తేనే తేలుతుంది.