పోకర్ నేర్చుకుంటుంటే వచ్చి పడ్డ సలహాలు: నా అనుభవం

పోకర్ రూల్స్ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. చేతికి రెండు పత్తాలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు, ఆ ఏడింట్లోంచి మంచి ఐదు ఎంచుకోవాలి, మధ్యలో నాలుగు సార్లు పందెం. టెక్సాస్ హోల్డెమ్ అంటే ఇంతే. అసలు కష్టం ఆ మర్నాటి నుంచి మొదలైంది. పోకర్ నేర్చుకుంటున్నానని తెలిసిన ప్రతి మనిషీ ఏదో ఒకటి చెప్పడం మొదలుపెట్టాడు, ఒకరు చెప్పింది ఇంకొకరికి నచ్చదు, నాకేమో అందరూ నమ్మకస్తులే.

మాది నల్గొండ, రామగిరి వైపు. ఆదివారం సాయంత్రం మేడ మీద ఆరుగురం కూర్చుంటాం. డబ్బు పెట్టం. 2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రంలో నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. అదలా ఉంచినా, డబ్బు లేకుండా ఆడితేనే ఆట నేర్చుకోవడం మీద మనసు నిలుస్తుందని నా నమ్మకం. చింతగింజకి ఒకటి, గవ్వకి పది లెక్క, మనిషికి 200, బ్లైండ్లు, అంటే పత్తాలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేలు, ఒకటి, రెండు. అంటే ఒక్కొక్కరి దగ్గర 100 పెద్ద బ్లైండ్లు. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

మా మామ మూడు ముక్కలాటలో, రమ్మీలో చెయ్యి తిరిగిన మనిషి. ఒకరోజు నా వెనక కూర్చుని, నేను చెయ్యి, అంటే నా పత్తాలు, పారేస్తుంటే ఆగలేకపోయాడు. "ఏందల్లుడా, సీక్వెన్స్ పడ్డంక గూడ పారేస్తవా?" అన్నాడు. బల్ల మీద నాలుగు ఇస్పేట్లు ఉన్నాయి, నా చేతిలో ఒక్క ఇస్పేటు కూడా లేదు, ఎదుటివాడు పెద్ద పందెం కాశాడు. మూడు ముక్కల్లో కలర్ (అన్నీ ఒకే రంగు, అంటే అన్నీ ఇస్పేట్లు పడ్డట్టు) కన్నా సీక్వెన్స్ పెద్దది, అక్కడ మామ మాట నూటికి నూరు పాళ్లు నిజం. 52 పత్తాల్లోంచి మూడు తీస్తే ఉత్త కలర్ 1,096 రకాలుగా పడుతుంది, సీక్వెన్స్ 720 రకాలుగానే, తక్కువ పడేదే పెద్దది కదా. ఐదు పత్తాలకి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, కలర్ 5,108, సీక్వెన్స్ 10,200. అందుకే పోకర్‌లో కలర్ గెలుస్తుంది. మామ చెప్పింది తప్పు కాదు, వేరే ఆటది.

ఈ సంగతి తట్టాక మిగతా సలహాలన్నీ కూడా అలాగే కనిపించాయి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా బామ్మర్ది రంగుల చార్ట్ ఒకటి పంపి, "బావా, ఇందులో ఉన్నట్టు ఆడితే చాలు" అన్నాడు. మొదటి రెండు పత్తాలు 1,326 రకాలుగా రావచ్చు, ఏ రంగో పట్టించుకోకుండా, రెండూ ఒకే రంగా కాదా అన్నది మాత్రం చూస్తే 169 రకాలు, ప్రతి రకానికీ ఆడాలా పారేయాలా అని అందులో ఉంది. మంచి చార్టే. కానీ మా ఇంకో దోస్త్ పంపిన చార్ట్‌లో, రాజు-పది వేర్వేరు రంగుల్లో వస్తే, బామ్మర్ది పారేయమన్న చోట ఆడమని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు టెన్షన్ పడ్డాక తెలిసింది, ఒకటి ఆరుగురి బల్లలో అందరికన్నా ముందు మాట్లాడేవాడిది, అంటే ఆడేదీ పారేసేదీ ముందు తేల్చాల్సినవాడిది, ఇంకోటి బటన్ మీద, అంటే పంచేవాడి సీట్లో, కూర్చున్నవాడిది, ఫ్లాప్ నుంచి అందరికన్నా చివర మాట్లాడేది అతనే. ముందు మాట్లాడేవాడు ఆడాల్సిన చేతులు బటన్ వాడి చేతుల్లో సగం కూడా ఉండవు. ఆ మాట చార్ట్ మీద చిన్న అక్షరాల్లో ఉంది, పంపేవాళ్లు అది చెప్పరు. ఇంకొకాయన "ఆల్-ఇన్ లేకపోతే ఫోల్డ్, మధ్యలో ఏదీ వద్దు" అన్నాడు, అంటే ఉన్నదంతా పెట్టెయ్యి, లేదా పారెయ్ అని. అది టోర్నమెంట్ చివర్లో చేతిలో పది బ్లైండ్లో అంతకన్నా తక్కువో మిగిలినవాడికి చెప్పే మాట, 100 బ్లైండ్లున్న మాకు దానితో పనిలేదు. వరికి చెప్పిన మందు తెచ్చి బత్తాయి తోటకి కొట్టినట్టు ఉంటుంది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసిన చెయ్యి ఒకటి చెప్తాను. నా దగ్గర ఇస్పేటు రాణి, ఇస్పేటు తొమ్మిది. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద మొదట తెరిచే మూడు పత్తాల్లో, రెండు ఇస్పేట్లు పడ్డాయి, ఇంకొక్కటి వస్తే కలర్. కుండలో, అంటే మధ్యలో చేరిన పందెంలో, 40 ఉంది, ఎదుటివాడు 20 కాశాడు. వెనకనుంచి ఒకరు కాల్, అంటే అంతే కట్టి ఆటలో ఉండు, అన్నారు, ఇంకొకరు పారెయ్ అన్నారు, ఇద్దరికీ లెక్క తెలుసు. నాకు కనపడని పత్తాలు 47, వాటిలో ఇస్పేట్లు 9. నేను 20 పెడితే మొత్తం 80 అవుతుంది, అంటే నూటికి 25 సార్లు గెలిస్తే నష్టం లేదు. రాబోయే ఒక్క పత్తాలో ఇస్పేటు పడే అవకాశం నూటికి 19. టర్న్, రివర్, అంటే నాలుగో, ఐదో పత్తాలు, రెండూ కలిపితే 35. పారెయ్ అన్నవాడు 19 చూశాడు, కాల్ అన్నవాడు 35 చూశాడు. ఎదుటివాడు ఆ 20తో తన గింజలన్నీ పెట్టేసి ఉంటే, ఇంకేమీ కట్టకుండా రెండు పత్తాలూ చూస్తాను కాబట్టి 35 లెక్కే కరెక్ట్, కాల్ చెయ్యాలి. అతని దగ్గర ఇంకా చాలా ఉండి టర్న్ మీద మళ్లీ గట్టిగా కాస్తే, రెండో పత్తా చూడ్డానికి మళ్లీ కట్టాలి. అప్పుడు చేతిలో ఉన్నది 19 మాత్రమే, అది 25 కన్నా తక్కువ. ఇస్పేటు పడ్డాక అతను నాకు ఇంకెంత ఇస్తాడు అన్నదాన్ని బట్టి కాల్ చెయ్యాలో వద్దో తేలుతుంది. ఇద్దరిలో ఎవరూ నాకు అడ్డంగా చెప్పలేదు, ఎదుటివాడి ముందు ఎన్ని గింజలున్నాయో ఇద్దరూ చెప్పలేదు, అంతే.

అప్పటినుంచి ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎవరు ఏం చెప్పినా రాస్తాను, పక్కనే నాలుగు సంగతులు అడిగి రాస్తాను: ఎంతమంది బల్ల, ఎన్ని బ్లైండ్లు, ఏ సీటు, ఎదుటివాళ్లు ఎలాంటివాళ్లు. జవాబు దొరకని సలహా వెనక పేజీకి పోతుంది, పారేయను, అవసరం వచ్చినప్పుడు చూస్తాను. ముందు పేజీ మీద మాత్రం ఎప్పుడూ ఒక్కటే విషయం. మొదట ఏ సీట్లో ఏ చేతులు ఆడాలి అన్నది తప్ప ఇంకేదీ పట్టించుకోలేదు, అది ఆలోచించకుండా వచ్చేదాకా పేజీ తిప్పలేదు. ఇంకో మాట కూడా పెట్టుకున్నాం, ఆట నడుస్తుండగా ఎవరూ చెప్పకూడదు. నిజానికి ఇది మేం కనిపెట్టింది కాదు, ఒక చేతికి ఒక్క మనిషే అన్నది పోకర్ గదుల్లో ఎప్పటినుంచో ఉన్న రూలు. మామతో "చెయ్యి అయినంక చెప్పు మామా, అప్పుడైతే తీరువాటంగ వింట" అన్నాను, ఆయన ఏమీ అనుకోలేదు.

అనుభవం నుంచి వచ్చే సలహాల సంగతి వేరు. "ఆసుల జతని నమ్మకు, నేను రెండుసార్లు పోగొట్టుకున్నా" అన్నవాళ్లున్నారు. ఆసుల జత 221 చేతుల్లో ఒక్కసారి వస్తుంది. రాజుల జత మీద కూడా ఐదింట్లో ఒకసారి దాకా ఓడుతుంది. ఇంట్లో ఆడుకునేవాళ్లకి ఏడాదిలో అది ఎన్నిసార్లు వస్తుంది, అందులో ఎన్నిసార్లు గుర్తుంటుంది? 2017 జనవరిలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల లిబ్రాటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌ని ఓడించిందని తేల్చడానికి 1,20,000 చేతులు ఆడించారు. అది కూడా ఇద్దరిద్దరి ఆట, మా ఆరుగురి బల్ల కాదు. ఓడిన బాధతో చెప్పే మాటని ప్రేమగా వింటాను, నోట్‌బుక్‌లో రాయను.

బ్లఫ్ గురించి వచ్చినన్ని సలహాలు ఇంకే విషయం మీదా రాలేదు. బ్లఫ్ చెయ్యకపోతే అది పోకరే కాదంటారు. కానీ ఎదుటివాడు పారేస్తేనే బ్లఫ్ పనిచేస్తుంది, చింతగింజలు పోతాయని మా బల్ల మీద ఎవరూ పారేయరు, చిన్న జత ఉన్నా రివర్ దాకా వస్తారు. ఇక్కడ మంచి చెయ్యి పడ్డప్పుడు పెద్దగా కాయడమే లాభం. ఆ పేజీ వెనకే ఉంచాను.

ఇప్పుడు ముందు పేజీ మీద ఉన్నది టర్న్ పందెం. ఫ్లాప్‌లో పెద్ద జత పడి, టర్న్ మీద మూడో ఇస్పేటు వచ్చి, నా దగ్గర ఇస్పేటు లేకపోతే, కాయాలా, చెక్ చెయ్యాలా (కాయకుండా వదిలెయ్యాలా), కాస్తే కుండలో ఎంత వంతు? ఆరుగురి బల్ల, 100 బ్లైండ్లు, నేను బటన్ మీద, ఎదుటివాడు తొందరగా పారేసే రకం కాదు. వీటిని లెక్కలో పెట్టుకుని ఎవరైనా చెప్తే రాసుకుంటాను.