కినొసాకిలో ఏడు స్నానశాలలు, మూడు మునకలు

క్యోటోలో ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే దాదాపు రెండున్నర గంటల్లో కినొసాకి. జపాన్ ఉత్తరపు సముద్రానికి దగ్గర్లో, కొండల మధ్య ఇరుకైన లోయలో ఉన్న ఊరు. నడిమధ్య చిన్న ఏరు, గట్టున వేలాడే విల్లో కొమ్మలు, రాతి వంతెనలు. 1925 భూకంపంలో, తర్వాత అంటుకున్న మంటల్లో ఊరు నాశనమైతే మళ్ళీ తక్కువ ఎత్తు చెక్క ఇళ్ళతోనే కట్టుకున్నారు. ఊరంతటికీ ఏడు వేడినీటి స్నానశాలలు ఉన్నాయి. బస చేసిన వాళ్ళకి అన్నిట్లోకీ వెళ్ళే పాసు సత్రం వాళ్ళే ఇస్తారు.

ఆ పాసు చేతికొచ్చాకే తప్పు జరిగేది. మధ్యాహ్నం మూడింటికి దిగి, రాత్రి పదకొండులోపు ఏడూ చుట్టేయాలనిపిస్తుంది. నాలుగో చోటికి తల దిమ్మెక్కుతుంది, ఐదో చోట కాళ్ళు తేలిపోతాయి. బదరీలో తప్తకుండంలో మునిగి తడి బట్టలతోనే దర్శనం లైనుకి పరిగెత్తే అలవాటు మనది, అక్కడ అది సరిపోతుంది. జపాన్‌లో వేడినీటి వైద్యాన్ని తోజి అంటారు. పాత లెక్కలో ఏడు రోజులు ఒక చుట్టు. నీళ్ళలో ఉండేది నిమిషాలు, బయట పడుకునేది గంటలు. మునకకీ మునకకీ మధ్య నడుం వాల్చడమే అసలు పని. ఆ పని సరిగ్గా చేస్తే రోజుకి మూడు మునకలు చాలు.

అందుకే ఒక్క రాత్రి బుక్ చేయకండి. సత్రాల్లో సాధారణంగా గది ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి, ఖాళీ చేయించేది పొద్దున్న పదింటికి. రెండు రాత్రులుంటే నడుమ ఒక పూర్తి రోజు మిగులుతుంది. ఇక్కడ చెప్పేది ఆ రోజు గురించే. గది శుభ్రం చేసే వేళ ముందే కనుక్కుని, "మధ్యాహ్నం పడుకుంటాం, పరుపు ఉంచండి" అని ముందురోజే చెప్పాలి. చెప్పకపోతే ఫుటాన్ మడిచి అలమరలో పెట్టేస్తారు, మీరు ఒట్టి తతామి చాప మీద కూర్చోవాల్సి వస్తుంది.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వెళ్ళిన వాళ్ళకి ఇంకో ఇబ్బంది. జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ ఎనిమిదింటికి పలహారం పెట్టారంటే ఒంటికది తెల్లవారుజాము నాలుగున్నర. మొదటి పొద్దున బద్ధకంగా, వికారంగా ఉంటే అది నీళ్ళ వల్ల కాదు, నిద్ర చాలక. ఆ ఉదయం మునక మానేసి ఇంకో గంట పడుకున్నా నష్టం లేదు.

మొదటి మునకకి మంచి వేళ ఏడింటికి. కొన్ని స్నానశాలలు పొద్దున్నే తెరుస్తారు, కొన్ని మధ్యాహ్నం. వారంలో ఒక్కోటి ఒక్కోరోజు సెలవు, ఆ పట్టిక సత్రంలోనే ఉంటుంది. తలుపు తీయగానే మొదట అడుగుపెట్టిన మగవారికి ఒకటి, ఆడవారికి ఒకటి చెక్క బిళ్ళ ఇస్తారు. దానికోసం తెరవకముందే వచ్చి నిలబడే వాళ్ళుంటారు. బయల్దేరే ముందు గ్లాసుడు నీళ్ళు తాగండి. సత్రం వాళ్ళిచ్చిన యుకాతా (నూలు అంగీ) కట్టుకునేటప్పుడు కుడి అంచు లోపల, ఎడమ అంచు పైన రావాలి. ఎడమ లోపలికి పోతే అది శవానికి కట్టే పద్ధతి. పొరపాటున అలా కట్టుకుని వీధిలోకి వస్తే తెలియని పెద్దావిడైనా ఆపి సర్దుతుంది.

లోపల అసలు క్రమం ఇది. మగవాళ్ళకి, ఆడవాళ్ళకి వేరువేరు గదులు, లోపల ఎవరికీ బట్టలుండవు, ఈతదుస్తులూ ఒప్పుకోరు. మనవాళ్ళకి మొదటి రెండు నిమిషాలు బిడియంగా ఉంటుంది. ఎవరూ ఎవరినీ చూడరని తెలిశాక పోతుంది. మొలతాడు దగ్గర్నుంచి గొలుసుల దాకా అన్నీ అరలో పెట్టేయండి. కినొసాకి నీళ్ళు ఉప్పు నీళ్ళు కాబట్టి వెండికి పెద్దగా ఏమీ కాదు. అదే గంధకం నీళ్ళున్న కుసాత్సు లాంటి ఊళ్ళో మెట్టెలు, పట్టీలు తీయకుండా దిగితే నల్లబడతాయి. పచ్చబొట్టున్న వాళ్ళని జపాన్‌లో చాలా స్నానశాలలు రానివ్వవు, ఇక్కడి ఏడింట్లో మాత్రం అభ్యంతరం లేదు. చేతి మీద పాతకాలపు పచ్చబొట్టున్న అమ్మమ్మని తీసుకెళ్ళాలంటే ఈ ఊరే మేలు.

తొట్టిలో దిగేముందు పొట్టి పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకోవాలి. నిలబడి పోసుకుంటే పక్కవాళ్ళ మీద చిందుతుంది. తలకి కొబ్బరినూనె ఉంటే షాంపూ రెండుసార్లు పెట్టాల్సిందే, నూనె తెట్టు నీళ్ళ మీద తేలితే అందరికీ ఇబ్బంది. జడ విప్పి ముడి వేయాలి. ఆ తర్వాత తొట్టి దగ్గర ముంతతో నీళ్ళు ముంచి పాదాల మీద, మోకాళ్ళ మీద, నడుం మీద, చివరికి భుజాల మీద, మొత్తం పది ముంతలు పోసుకోవాలి. దీన్ని కకేయు అంటారు. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఒంటికి వేడి అలవాటు కాకుండా ఒక్కసారిగా 42 డిగ్రీల్లో దిగితే రక్తపోటు గబుక్కున పెరుగుతుంది.

దిగాక మొదటి రెండు నిమిషాలు నడుం దాకానే. మెడదాకా మునిగితే నీటి ఒత్తిడి రక్తాన్ని కాళ్ళ నుంచి గుండె వైపు నెడుతుంది, గుండెకి పని పెరుగుతుంది. నడుం దాకా అలవాటయ్యాక భుజాలదాకా మూడు నాలుగు నిమిషాలు. నుదుటి మీద చెమట చుక్క జారిందంటే లేవాల్సిన వేళైంది. గట్టు మీద ఐదు నిమిషాలు కూర్చుని, ఇష్టమైతే ఇంకో నాలుగైదు నిమిషాలు. చిన్న తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు, మడిచి తలమీద పెట్టుకోవాలి. లేచేటప్పుడు గట్టు పట్టుకుని నెమ్మదిగా. వేడికి రక్తనాళాలు వెడల్పై ఉంటాయి, అప్పటిదాకా పట్టి ఉంచిన నీటి ఒత్తిడీ ఒక్కసారిగా పోతుంది, మెదడుకి రక్తం అందక కళ్ళు తిరిగి పడేది అప్పుడే.

బయటికొచ్చాక మంచినీళ్ళతో కడుక్కోకండి. ఉప్పు నీళ్ళ బుగ్గల ప్రత్యేకత అదే. చర్మం మీద పలచని ఉప్పు పొర మిగిలి, చెమట త్వరగా ఆరకుండా ఆపుతుంది. ఒళ్ళు గంటసేపు వెచ్చగా ఉండటం దానివల్లే. గాయం, ఈమధ్యే గీసిన గడ్డం ఉంటే మాత్రం మండుతుంది, అప్పుడు కడుక్కోవచ్చు. ఆమ్లం ఎక్కువున్న ఊళ్ళలో అయితే ఎవరైనా కడుక్కోవాలి. బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చేముందే ఒళ్ళు తుడుచుకోండి, అక్కడి నేల తడిస్తే తర్వాత వచ్చేవాళ్ళు జారతారు.

ఇప్పుడు విశ్రాంతి. గదికెళ్ళి నీళ్ళు తాగి, కనీసం అరగంట వెల్లకిలా పడుకోవడం. ఫోను పట్టుకుంటే అది విశ్రాంతి కాదు. మన ఇళ్ళలో పసిపిల్లకి నలుగు పెట్టి, తలంటి, సాంబ్రాణి పొగ వేసి పడుకోబెడితే ఎంత గాఢంగా నిద్రపోతుందో తెలుసుగా. పెద్దాళ్ళకీ ఒళ్ళు అదే ఒళ్ళు. పలహారం ఎనిమిదింటికైతే ఏడున్నరకల్లా బయటపడితే సరిగ్గా కుదురుతుంది. తిన్నాక గంటదాకా నీళ్ళ జోలికి పోవద్దు.

తిండి విషయం శాకాహారులు గట్టిగా పట్టుకోవాలి. "మాంసం వద్దు" అంటే చేపలు పెడతారు, "చేపలు కూడా వద్దు" అంటే చేపముక్కలు తీసేసి, ఎండుచేపతో కాచిన అదే దాషి రసంతో వండుతారు. మిసో సూపు, ఉడికించిన ఆకుకూర, తెంపురా ముంచుకునే పులుసు, అన్నిట్లోనూ ఎండుచేప సారం ఉంటుంది. బుక్ చేసేటప్పుడే, కనీసం వారం ముందు, "చేపతో చేసిన దాషి వద్దు, కొంబు సముద్రనాచుతో చేసినదైతే సరే" అని రాయాలి. కొన్ని సత్రాలు కుదరదంటాయి, అలా ముందే చెప్పినవాళ్ళే నయం. నవంబరు నుంచి మార్చి దాకా ఊరంతా పీతల విందులే, గదుల ధరలూ అప్పుడే ఎక్కువ. మన లెక్కకి ఏప్రిల్‌లోనో అక్టోబరులోనో, వారం మధ్యలో వెళ్ళడం మంచిది. కందిపొడి పొట్లం వెంట ఉంచుకోండి, తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతుంది.

మధ్యాహ్నం ఏటిగట్టున నడక చాలు. గెతా చెక్కచెప్పుల్లో వేలి మధ్య తాడుని బిగించి పట్టుకోకండి, మడమ కాస్త వెనక్కి వదిలి పొట్టి అడుగులేయాలి. లేదంటే గంటలో బొబ్బలొస్తాయి. ఓపికుంటే బుగ్గ దగ్గర గుడ్లమ్మే చోట మూడు కొనుక్కుని వలసంచిలో వేడినీళ్ళలో వేలాడదీస్తే పదకొండు నిమిషాల్లో ఉడుకుతాయి.

రెండో మునక నాలుగింటికి. మాందరా-యు ఎంచుకోండి, ఊరికి మూలం అదే. దోచి అనే బౌద్ధ సన్యాసి వెయ్యి రోజులు జపం చేస్తే 720లో అక్కడ నీళ్ళు పొంగాయని చెప్పుకుంటారు. రాత్రి భోజనం ఆరింటికో ఆరున్నరకో, ఆ టైము దాటకూడదు, ఒక్కో వంటకం వేడివేడిగా లెక్క ప్రకారం వస్తుంది. దాంతోపాటు సాకే (బియ్యంతో చేసే మద్యం) తాగితే ఆ రాత్రి మునక లేదని ముందే అనుకోండి.

మూడోది పడుకునే గంటన్నర ముందు. 42 డిగ్రీలు దాటిన నీళ్ళు ఒంటిని మేల్కొలుపుతాయి, 40కి లోపున్నవి మెత్తబరుస్తాయి. కాబట్టి రాత్రికి సత్రంలోని చిన్న తొట్టే నయం, వేడెక్కువైతే చల్లనీళ్ళు కలపవచ్చా అని అడిగి కలుపుకోవచ్చు. వెచ్చబడ్డ ఒళ్ళు చల్లారుతున్నప్పుడే నిద్ర ముంచుకొస్తుంది.

బీపీ మాత్రలు వేసుకునే వాళ్ళు వైద్యుణ్ణి అడిగే వెళ్ళాలి, వెళ్ళినా 40 డిగ్రీలు, నడుం దాకా, ఐదు నిమిషాలు చాలు. ఇన్సులిన్ సూది వేసుకున్న వెంటనే దిగకూడదు, వేడికి మందు త్వరగా ఒంట్లో కలిసి షుగరు పడిపోతుంది. జ్వరం ఉంటే అసలే వద్దు. గర్భిణుల నిషేధాన్ని జపాన్ పర్యావరణ శాఖ 2014లో తీసేసింది, అయినా జారుడు నేల మీద తోడు మనిషి ఉండాలి.

రెండో రోజు పొద్దున నీరసం, తలనొప్పి, ఆకలి మందగించడం కనిపిస్తే అక్కడివాళ్ళు యుఅతారి అంటారు, అంటే వేడినీళ్ళ దెబ్బ. ఆ పూటకి తొట్టి మానేసి, నీళ్ళు ఎక్కువ తాగి, కిటికీ తీసి పడుకోండి. కింద వీధిలో గెతా చప్పుడు టక్ టక్‌మని వినిపిస్తూనే ఉంటుంది. మిగిలిన స్నానశాలలకి వెళ్తున్న వాళ్ళది అది.