హెచ్‌టీ-2 విమానం బొమ్మను పన్నెండు రెట్లు పెంచడం: నా అనుభవం

బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థలో డాక్టర్ వి. ఎం. ఘాటగే నాయకత్వంలో రూపుదిద్దుకొని, 1951 ఆగస్టు 5న తొలిసారి గాలిలోకి లేచిన శిక్షణ విమానం హెచ్‌టీ-2. మన వైమానిక దళంలో ఎందరో పైలట్లు తొలి పాఠాలు నేర్చుకున్న ఈ విమానాన్ని బల్సా అనే తేలికైన చెక్కతో, రేడియో కంట్రోల్‌తో ఎగిరే నమూనాగా కట్టాలని చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను. దీనికి కిట్ నాకు ఎక్కడా దొరకలేదు. దొరికిందల్లా టాప్ వ్యూ, సైడ్ వ్యూ, ఫ్రంట్ వ్యూ ఒకే పేజీలో ఉన్న చిన్న బొమ్మ. దాని కింద 1:72 అని, అంటే అసలు విమానంలో 72వ వంతు అని రాసి ఉంది.

అసలు విమానం రెక్కల విస్తారం (ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస దాకా) 10.72 మీటర్లు, పొడవు 7.53 మీటర్లు. ఆరో వంతు స్కేలులో కడితే విస్తారం 1,787 మి.మీ., పొడవు 1,255 మి.మీ. అవుతాయి. కారు వెనక సీటులో పట్టే రెక్క, చేతితో మోయగలిగే బరువు అన్న లెక్కతో ఆ స్కేలును ఎంచుకున్నాను. 1:72 నుంచి 1:6కు రావాలంటే పన్నెండు రెట్లు పెంచాలి కాబట్టి, జిరాక్స్ యంత్రంపై మూడుసార్లు 200 శాతం, ఒకసారి 150 శాతం చేస్తే సరిపోతుందని నమ్మి, వీధి చివరి దుకాణంలో ఒక సాయంత్రమంతా నిలబడి ముక్కలు ముక్కలుగా కాపీలు తీయించుకున్నాను.

ఆ ముక్కలన్నిటినీ ఇంట్లో నేల మీద పరిచి టేపుతో అతికించాక ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ తొమ్మిది మిల్లీమీటర్ల తేడా కనిపించింది. యంత్రం కాగితాన్ని లాగే దిశలో ఒక రకంగానూ, అడ్డంగా మరొక రకంగానూ పెంచుతుంది. ఒక్కో విడతలో అర శాతం తేడా వచ్చినా నాలుగు విడతల్లో అది రెండు శాతానికి చేరుతుంది. ఇది ఊహించదగిన దోషమే. అంతకంటే నన్ను ఆలోచనలో పడేసింది సైడ్ వ్యూలోని చక్రం. అది నిలువుగా 72 మి.మీ., అడ్డంగా 74 మి.మీ. ఉంది. చక్రం కోడిగుడ్డులా ఉండదు కదా! దీనికి కూడా యంత్రమే కారణమా, లేక చేతిలోని మూల చిత్రమే తప్పా అన్నది తేల్చుకోకుండా ముందుకు వెళ్ళడం సరికాదనిపించింది.

అప్పుడు చేసిన పని మొదటి రోజే చేసి ఉండవలసింది. మూల చిత్రాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచాను. టాప్ వ్యూలో రెక్కలు పేజీకి అడ్డంగా ఉన్నాయి, విస్తారం 151.0 మి.మీ. అదే వ్యూలో విమానం పొడవు పేజీకి నిలువుగా ఉంది, 104.0 మి.మీ. కానీ సైడ్ వ్యూలో అదే పొడవు పేజీకి అడ్డంగా పడి 106.1 మి.మీ. వచ్చింది. ఒకే విమానానికి రెండు పొడవులు ఉండవు కాబట్టి, చిత్రం ఏదో ఒక కాపీలో అడ్డంగా సాగిందని అర్థమైంది. అసలు కొలతలతో భాగిస్తే అడ్డంగా 1:71, నిలువుగా 1:72.4 స్కేలు తేలింది. అంటే ఆరో వంతుకు రావాలంటే అడ్డంగా 11.83 రెట్లు, నిలువుగా 12.07 రెట్లు పెంచాలి. పేజీ కింద అచ్చయిన 1:72 అన్న అంకె ఏ దిశలోనూ నిజం కాదు. తెలిసిన రెండు కొలతలతో, రెండు దిశల్లోనూ సరిచూడకుండా ఏ చిత్రాన్నీ పెంచకూడదని నేను గట్టిగా చెబుతున్నది ఇందుకే.

ఆ తరువాత జిరాక్స్ జోలికి పోలేదు. చిత్రాన్ని స్కాన్ చేసి, బొమ్మలు గీసేందుకు ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకొని, వెడల్పును ఎత్తుతో ముడిపెట్టే తాళాన్ని తీసేసి, రెండు దిశల కొలతలను విడివిడిగా ఇచ్చాను. చక్రం గుండ్రంగా మారింది. ఇక్కడ మరో చిక్కు ఎదురైంది: 0.3 మి.మీ. గీత పన్నెండు రెట్లు పెరిగితే 3.6 మి.మీ. మందమైన పట్టీ అవుతుంది. దాని బయటి అంచును పట్టుకోవాలా, లోపలి అంచునా? కలం ములుకు నడిచిన దారి గీత మధ్యలో ఉంటుంది కాబట్టి నేను మధ్యరేఖనే తీసుకున్నాను. రెండు పక్కలా బయటి అంచులు తీసుకుంటే ఫ్యూజ్‌లాజ్, అంటే విమానం మొండెం, 3.6 మి.మీ. లావెక్కుతుంది. రెక్కను ఒక సగం మాత్రమే గీసి, రెండో సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పెట్టాను. ఇంజను కప్పు దగ్గరి వంపు ఎంతకీ కుదరలేదు. చివరికి ఒకప్పుడు సినిమా బ్యానర్లు గీసే చిత్రకారులు ఫొటో మీద గళ్ళు గీసుకొని ఒక్కో గడినీ గోడంత గుడ్డ మీదకు ఎక్కించే పద్ధతినే ఆశ్రయించి, ఆ వంపు గడులను ఎన్నిచోట్ల దాటుతుందో గుర్తుపెట్టుకొని తిరిగి గీశాను.

చిత్రాన్ని ఎంత చక్కగా పెంచినా అందులో లేనివి కొన్ని ఉంటాయి. టాప్ వ్యూలో కనిపించే రెక్క పొడవు నేల మీద పడే నీడ లాంటిది. రెక్క 5 డిగ్రీలు పైకి వాలి ఉంటే 893 మి.మీ. నీడకు అసలు రెక్క 897 మి.మీ. దాకా ఉండాలి. రెక్కకు లోపలి నుంచి ఆకారమిచ్చే పక్కటెముకల్లాంటి రిబ్‌ల ఆకారాన్ని చిన్న బొమ్మ నుంచి తీసుకోవడం వృథా ప్రయాస. నేను నిదానంగా ఎగరడానికి అనువైన క్లార్క్ వై అనే రెక్క అడ్డుకోత ఆకారాన్ని (సెక్షన్‌ను) దాని అంకెల పట్టిక నుంచి నేరుగా గీసుకున్నాను. దాని మందం వెడల్పులో 11.7 శాతం కాబట్టి 300 మి.మీ. రిబ్‌కు 35.1 మి.మీ. వస్తుంది. అడుగు భాగం చదునుగా ఉండటం వల్ల బల్ల మీద కట్టడమూ సులువే. బొమ్మలోని గీత విమానం పైతోలును చూపుతుందే తప్ప లోపలి ఎముకలను కాదు కాబట్టి, పైన అతికించే 2 మి.మీ. బల్సా షీటు మందాన్ని ప్రతి ఫార్మర్‌కూ (మొండెం లోపల అడ్డంగా నిలిచి ఆకారమిచ్చే చట్రానికి) చుట్టూ తగ్గించాను.

బ్లూప్రింట్లు తీసే దుకాణంలో 914 మి.మీ. వెడల్పు రోల్‌పై ప్లాటర్ అనే పెద్ద ముద్రణ యంత్రంతో ప్రింట్ తీయించే ముందు, ప్రతి షీటులో పొడుగునా ఒక 1,000 మి.మీ. గీతను, రెండు మూలల్లో 100 మి.మీ. చదరాలను చేర్చాను. తొలి ప్రింట్‌లో ఆ గీత 970 మి.మీ. మాత్రమే వచ్చింది; పేజీకి సరిపోయేలా కుదించే ఆప్షన్ అలాగే ఉండిపోయింది. వంద శాతానికి మార్చి మళ్ళీ తీసిన ప్రింట్‌లో 1,000 మి.మీ. గీత సరిగ్గా వచ్చింది. వానాకాలపు తేమకు కాగితం సాగుతుంది కనుక, కట్టడం మొదలుపెట్టే రోజున అదే స్టీలు స్కేలుతో మరోసారి కొలిచి, ఆ తరువాతే ప్లాన్‌ను బల్ల మీద పరిచి, పైన పల్చని ప్లాస్టిక్ షీటు కప్పి మొదటి ఫార్మర్లను నిలబెట్టాను.

ఇప్పుడు రెక్కలు రెండూ సిద్ధమయ్యాయి. కలిపి కొలిస్తే 1,788 మి.మీ. ఇక మిగిలింది పైలట్ కూర్చునే చోటి మీద ఉండే పారదర్శకమైన కప్పు, కానోపీ. మూల చిత్రంలోని కానోపీ ఫొటోల్లో ఉన్నదానికంటే కాస్త పొట్టిగా ఉంది. దగ్గర నుంచి తీసిన ఫొటోల్లో ముందు భాగం ఉబ్బి కనిపిస్తుంది కాబట్టి, దూరం నుంచి, పక్కగా తీసిన ఫొటోలను మాత్రమే ఏరి, వాటిలో చక్రాల మధ్య దూరాన్ని ఆధారంగా పెట్టుకొని దాని ఎత్తును లెక్కిస్తున్నాను.