బరువు తగ్గుతుండగా వచ్చిన జబ్బు

49వ ఏట నాకు పిత్తాశయం తీసేశారు. అందులో రాళ్ళు ఏర్పడటానికి ఒళ్ళు ఉండటం ఒక కారణమైతే, ఆ ఒళ్ళు తగ్గిన వేగం మరింత పెద్ద కారణమని సర్జన్‌గారు చెప్పినప్పుడు ఇంట్లో ఎవరూ ఒక పట్టాన నమ్మలేదు. బరువు తగ్గితే ఆరోగ్యం, పెరిగితే అనారోగ్యం అని అందరం అంత గట్టిగా అనుకుంటూ వచ్చాం. నడివయసు ఆడవాళ్ళ బరువు గురించి మాట వచ్చినప్పుడల్లా ఎన్ని కిలోలు పోయాయన్న లెక్కే వినిపిస్తుంది గాని, అవి ఎంత వేగంగా పోయాయి, పోయినదానిలో కొవ్వెంత, కండ ఎంత అని అడిగేవాళ్ళు అరుదు. నా జబ్బంతా ఆ ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

46 దాటాక నాకు నెలసరి తప్పడం మొదలైంది. తూకంలో పెద్ద మార్పు లేకపోయినా నడుము పెరిగింది. అంతకుముందు తొడల మీద, పిరుదుల మీద ఉండే కొవ్వు పొట్ట వైపు మళ్ళిందని బట్టలే చెప్పాయి. మామూలుగా చేయించుకున్న రక్తపరీక్షలో, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 6.5 గాని అంతకు మించి గాని ఉంటే మధుమేహం కింద లెక్క, 5.7 నుంచి 6.4 వరకు దాని ముంగిట ఉన్నట్టు. బరువు తగ్గమని డాక్టరుగారు చెప్పారు. ఆ సలహాలో తప్పేమీ లేదు. 2002లో వెలువడిన ప్రసిద్ధమైన అమెరికా అధ్యయనంలో, ఇదే స్థితిలో ఉన్నవారు శరీర బరువులో 7 శాతం తగ్గాలనీ, వారానికి 150 నిమిషాలు ఒళ్ళు కదలించాలనీ లక్ష్యం పెట్టుకుంటే మధుమేహం బారిన పడటం 58 శాతం తగ్గింది. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నవారికి ఎలా తినాలో, ఎలా నడవాలో నెలల తరబడి పక్కన కూర్చుని నేర్పినవాళ్ళు ఉన్నారు. నాకు దొరికింది మందుల చీటీ అడుగున రాసిన ఒక్క వాక్యం.

ఆ వాక్యం పట్టుకుని బరువు తగ్గించే కేంద్రం ఒకదానికి వెళ్ళాను. అక్కడ రోజుకు ఇంచుమించు 800 కేలరీలకు కుదించిన ఆహారపట్టిక ఇచ్చారు. రెండు పూటలా నీటిలో కలుపుకుని తాగే పొడి, మూడో పూట ఉడికించిన కూరగాయలు, నూనె చుక్క తగలకూడదన్న నియమం. ఇంత తక్కువ కేలరీల పద్ధతి వైద్యంలో లేకపోలేదు, మధుమేహం ఉన్న కొందరికి అది మేలు చేస్తుంది కూడా. కాని దాన్ని డాక్టరు పర్యవేక్షణలో, మధ్యమధ్య రక్తపరీక్షలు చేస్తూ, పరిమితమైన కాలానికే వాడతారు. నాకు పరీక్షలు లేవు, ఎప్పుడు ఆపాలో చెప్పినవారూ లేరు. వారంవారం తూకం చూసి, రిజిస్టరులో రాసుకుని, చప్పట్లు కొట్టేవారు.

మొదటి వారాల్లో బరువు చకచకా దిగింది. ఆ తొలి తగ్గుదలలో చాలా భాగం నీరే. కాలేయంలోను కండరాల్లోను నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చయినప్పుడు, ప్రతి గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా బయటికి పోతుంది. తరవాత కూడా వారానికి రెండు కిలోల దాకా తగ్గుతూ వచ్చాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. పదేళ్ళు వయసు తగ్గావన్నారు, ఆ పట్టిక మాకూ పంపమన్నారు. ఒక మనిషి అంత వేగంగా చిక్కిపోతుంటే ఒంట్లో ఏమైనా బాగాలేదా అని అడగాలన్న ఆలోచన, ఆ మనిషి కాస్త లావుగా ఉన్న ఆడమనిషి అయితే ఎవరికీ రాదని అప్పుడే నాకు తెలిసింది.

ఒళ్ళు తన సంగతి తను చెబుతూనే ఉంది. కాళ్ళూ చేతులూ ఎప్పుడూ చల్లగా ఉండేవి. కూర్చుని లేస్తే కళ్ళు తిరిగేవి. మూడో నెల దాటాక తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు, స్నానాలగదిలో నీరు పోయే చోట జుట్టు. శరీరానికి ఆహారం హఠాత్తుగా తగ్గిపోతే చాలా వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్ళి, రెండు మూడు నెలల తరవాత రాలతాయని చర్మవైద్యులకు బాగా తెలిసిన విషయమే. నాకు మాత్రం, కేంద్రంలో అడిగినా ఇంట్లో అడిగినా ఒకటే సమాధానం దొరికింది: ఈ వయసులో మామూలే, ముట్లుడిగే కాలం కదా. నలభై అయిదు దాటిన ఆడదానికి తల నొప్పి పుట్టినా, కాలు బెణికినా ఆ ఖాతాలోనే వేస్తారు. నా జబ్బు అన్ని నెలలు బయటపడకుండా ఉండటానికి ఆ ఖాతా చాలా ఉపయోగపడింది.

కడుపునొప్పి మొదటిసారి ఒక శుభకార్యంలో కడుపునిండా తిన్న రాత్రి వచ్చింది. చాలా కాలానికి నూనె తగిలిన భోజనం అది. నిద్రలో ఉండగా కుడివైపు డొక్క కింద పట్టేసినట్టు మొదలై, తెరలు తెరలుగా వచ్చిపోకుండా, పెరుగుతూ పోయి ఒకచోట నిలిచిపోయింది. వెల్లకిలా పడుకున్నా, బోర్లా పడుకున్నా, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కూర్చున్నా తేడా లేదు. వెనక కుడి రెక్క ఎముక అడుగున ఎవరో బొటనవేలితో గుచ్చుతున్నట్టు ఇంకో నొప్పి. గ్యాస్ అనుకుని ఉన్న మాత్ర వేసుకున్నాను. తెల్లవారే వేళకు దానంతట అదే తగ్గిపోయింది, పొద్దున్నకి ఏమీ జరగనట్టు లేచి తిరిగాను. తరవాతి నెలల్లో అది మళ్ళీ మళ్ళీ వచ్చింది. చివరికి వాంతులతో కలిసి వచ్చిన రాత్రి మావారు ఆసుపత్రికి తీసుకువెళ్ళారు.

స్కానింగు పరగడుపున చేశారు, ఏమీ తినకపోతే పిత్తాశయం నిండి ఉండి లోపల ఉన్నది స్పష్టంగా కనబడుతుందట. “ఊపిరి గట్టిగా పీల్చి పట్టుకోండమ్మా, ఇప్పుడు ఎడమవైపు తిరగండి” అని చెబుతూ ఆ డాక్టరమ్మ తెర నా వైపు తిప్పారు. నల్లటి సంచీలో తెల్లగా మెరుస్తున్న చుక్కలు, ఒక్కొక్కదాని వెనక చీకటి చార. నేను పక్కకు తిరగగానే ఆ చుక్కలు కూడా దొర్లి అడుగుకు చేరాయి. కదిలేవి రాళ్ళు, కదలకుండా గోడకు అంటుకుని ఉంటే అవి వేరే రకం కావచ్చు, అందుకే తిరగమన్నానని ఆవిడ చెప్పారు. సొంత ఒంట్లో రాళ్ళు దొర్లడం చూడటం వింతగా ఉంది.

ఎందుకొచ్చాయని సర్జన్‌గారిని అడిగాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి విడమరిచి చెప్పారు. కాలేయం తయారుచేసే పైత్యరసం పిత్తాశయంలో నిల్వ ఉంటుంది. కొవ్వున్న ఆహారం పేగులోకి దిగినప్పుడు ఆ సంచీ ముడుచుకుని రసాన్ని బయటికి పంపుతుంది. ఒంట్లో కొవ్వు వేగంగా కరిగేటప్పుడు కాలేయం ఎక్కువ కొలెస్ట్రాల్‌ను పైత్యరసంలోకి వదులుతుంది. అదే సమయంలో తిండిలో కొవ్వు దాదాపు లేకపోతే సంచీ ముడుచుకోవలసిన పనే పడదు. ఒకవైపు రసం చిక్కబడుతుంది, ఇంకోవైపు అది కదలకుండా నిలిచిపోతుంది, దాంతో నిలవనీటి అడుగున మడ్డి పేరుకున్నట్టు కొలెస్ట్రాల్ పేరుకుని గట్టిపడుతుంది. వారానికి కిలోన్నర మించి తగ్గేవాళ్ళలో ఈ ముప్పు బాగా పెరుగుతుందని చెప్పారు. ఆడవాళ్ళ హార్మోనైన ఈస్ట్రోజెన్ కూడా పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెంచుతుంది కాబట్టి ఆడవాళ్ళకు ఈ రాళ్ళు మగవాళ్ళకంటే ఎక్కువ. వేగంగా బరువు తగ్గక తప్పని పరిస్థితుల్లో, ఉదాహరణకు బరువు తగ్గించే ఆపరేషన్ల తరవాత, రాళ్ళు పడకుండా అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ అనే మందు ఇస్తారట. రోజులో కనీసం ఒక పూట భోజనంలో కొంత కొవ్వు ఉండేలా చూడటం కూడా అందుకేనట. నాకు ఇచ్చిన పట్టికలో నూనె చుక్క తగలకూడదన్న నియమం కింద రెండు గీతలు గీసి ఉండేవి.

ఆపరేషను గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు పెట్టి, కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించి, కెమెరా సాయంతో తీశారు. మర్నాడు ఇంటికి పంపారు. గాట్లకంటే భుజం నొప్పి ఎక్కువగా బాధించింది. లోపల మిగిలిన వాయువు ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ఉదరవితానాన్ని రాపిడి పెడితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందనీ, నడిస్తే తగ్గుతుందనీ చెప్పారు, అలాగే తగ్గింది. పిత్తాశయం లేకపోతే పైత్యరసం నేరుగా పేగులోకి జారుతుంది కాబట్టి కొవ్వెక్కువగా తిన్నప్పుడు విరేచనాలు కావచ్చన్నారు. కొన్ని వారాలు అదీ అయింది.

అసలు కోలుకోవడం ఆ తరవాత మొదలైంది. ఆపరేషనుకు ముందు నుంచే మెట్లెక్కితే తొడలు వణకడం, మూత బిగించిన సీసా తెరవలేకపోవడం గమనించి సర్జన్‌గారు ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. అక్కడి అమ్మాయి నన్ను చేతులు లేని కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద మడిచిపెట్టుకుని, అరనిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో చూడమంది. లేవబోయేసరికి నడుము ముందుకు వంగి, చేతులు వాటంతట అవే కుర్చీ అంచు వెతుక్కున్నాయి. “చేతులు వద్దండీ, కాళ్ళతోనే లేవాలి” అని ఆ అమ్మాయి మెల్లిగా గుర్తుచేసింది. వచ్చిన లెక్క నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళకు ఉండాల్సినంత ఉందంది. బరువు తగ్గేటప్పుడు పోయేదానిలో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిది ఉండటం సహజమే. వ్యాయామం లేకుండా, మాంసకృత్తులు చాలకుండా, వేగంగా తగ్గితే ఆ వాటా ఇంకా పెరుగుతుంది. చప్పట్లు కొట్టించుకున్న కిలోల్లో నా తొడ కండరాలూ ఉన్నాయన్నమాట. డెక్సా స్కాన్ చేయిస్తే ఎముకల సాంద్రత కూడా ఉండాల్సినదానికంటే తగ్గినట్టు తేలింది. నెలసరి ఆగే ముందూ వెనకా ఉన్న కొద్ది ఏళ్ళలో ఎముక ఎటూ వేగంగా తరుగుతుంది, దానికి కఠినమైన డైటింగ్ తోడైతే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు.

డైటీషియన్‌ను కలిసినప్పుడు, ఈ వయసులో మెటబాలిజం మందగిస్తుంది కదా, అంతగా తగ్గించుకోకపోతే ఎలా తగ్గేది అని అడిగాను. ఆవిడ ఆ మాటనే కొట్టిపారేశారు. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన 6,400 మందికి పైగా మనుషుల శక్తి ఖర్చును పరిశీలించి, శరీర పరిమాణాన్ని, కండను లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ళ మధ్య ఆ ఖర్చు ఇంచుమించు స్థిరంగా ఉంటుందని తేల్చింది. అమెరికాలో 1996 నుంచి నడివయసు స్త్రీలను ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చిన మరో అధ్యయనం, రుతువిరతి దగ్గరపడే దశలో కొవ్వు పెరిగే వేగం రెట్టింపవుతుందనీ, అదే సమయంలో కండ తరగడం మొదలవుతుందనీ చూపింది. తూకపు యంత్రానికి ఈ రెండూ కలిపి ఒక్క అంకెగానే తెలుస్తాయి. అందుకని కండను కాపాడటం ముందు, కొవ్వు తగ్గించడం తరవాత అని ఆవిడ లెక్క వేశారు.

ఆ లెక్క ప్రకారం తినే తిండి పెరిగింది. శరీర బరువులో కిలోకు రోజుకు ఒక గ్రాముకు పైగా మాంసకృత్తులు అందేలా పప్పులు, పాలు, గుడ్లు ప్రతి పూటకూ పంచారు. వారానికి రెండుసార్లకు తగ్గకుండా బరువులతో వ్యాయామం, మిగిలిన రోజుల్లో నడక. బరువులు ఎత్తితే మగవాళ్ళలా తయారవుతానేమోనని మా అత్తగారు భయపడ్డారు. నా డంబెల్స్ ఎంత చిన్నవో చూశాక ఆ భయం పోయింది. తూకం బదులు టేపు వాడమన్నారు. నిలబడి, ఊపిరి మామూలుగా వదిలి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన చుట్టి, బిగించకుండా కొలవాలి. ఆ కొలత ఎత్తులో సగానికి లోపు ఉంటే మంచిది.

మొదట్లో టేపు కదలలేదు, తూకం మాత్రం పెరిగింది. మళ్ళీ ఒళ్ళు చేస్తున్నావేమిటని పలకరించేవారు మొదలయ్యారు. ఏడాది గడిచేసరికి అత్యంత తక్కువగా ఉన్నప్పటికంటే అయిదు కిలోలు ఎక్కువే ఉన్నాను; అయినా నడుము దాదాపు అప్పటంతే ఉంది, జుట్టు తిరిగి ఒత్తయింది, హెచ్‌బీఏ1సీ 5.6కు దిగింది. కుర్చీలోంచి లేవడానికి ఇప్పుడు చేతులు వెతుక్కోవలసిన పని లేదు.

మొన్నటి పరీక్షకు వెళ్ళినప్పుడు, ఇంకో మూడు కిలోలు తగ్గితే, ఎత్తునుబట్టి బరువును లెక్కగట్టే బీఎంఐ పట్టికలో నా గడి మారుతుంది కదా, తగ్గమంటారా అని డాక్టరుగారిని అడిగాను. ఆయన ఎముకల రిపోర్టు, చక్కెర రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూశారు. ఉన్న బరువు నిలుపుకోమనీ, వ్యాయామంలో బరువులు కొంచెం పెంచమనీ, మళ్ళీ డెక్సా స్కాన్ చేయించి అప్పుడు మాట్లాడదామనీ చెప్పి, నా ఫైలులో లక్ష్యం అని ఉన్నచోట రాసి ఉన్న కిలోల అంకె కొట్టేశారు.