చలి పొద్దున మొరాయించే పాత ట్రాక్టరు

డిసెంబరు, జనవరి నెలల్లో మా ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు, కొన్నేళ్లలో ఐదు డిగ్రీల దాకా పడిపోతుంది. పత్తి లోడుతో మార్కెట్ యార్డుకు చీకటితోనే బయలుదేరాల్సిన ఆ రోజుల్లోనే పాత ట్రాక్టరు మొరాయిస్తుంది. అందరూ నేరాన్ని చలి మీదికి నెడతారు. అయితే ఇంతకన్నా చలి పడే పంజాబులో, హర్యానాలో ఇలాంటి ఇంజన్లే రోజూ నడుస్తున్నాయి కనుక, చలి చేసేదల్లా ముందునుంచీ ఉన్న లోపాన్ని బయటపెట్టడమేనని నా అభిప్రాయం.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు. పిస్టన్ గాలిని సుమారు పదిహేడో వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఆ వేడి చల్లని సిలిండరు గోడల్లోకి ఇంకిపోతుంది. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉంటే నొక్కిన గాలి కూడా పక్కనుంచి కిందికి జారిపోతుంది. అందువల్ల చలిలో అన్నిటికన్నా ముఖ్యమైనది సెల్ఫ్ (ఇంజన్‌ను మొదట తిప్పే స్టార్టరు మోటారు) తిరిగే వేగం. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లని పొడిని వేడినీళ్లతో కడిగి, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగ కొసను విప్పి, తుప్పు గీకి మళ్లీ బిగిస్తే చాలు, కొత్త బ్యాటరీ కొనే ఖర్చు చాలాసార్లు తప్పుతుంది. బ్యాటరీ యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరులో యాసిడ్ 1.260కి పైన చూపాలి, 1.200 దగ్గర ఉంటే బ్యాటరీలో సగం ఛార్జే ఉన్నట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ తొక్కి పెడితే, గేర్‌బాక్సులో చిక్కబడిన ఆయిల్‌ను కూడా తిప్పే భారం దానికి తగ్గుతుంది. ఇంజన్‌లో ఏ ఆయిల్ పోయాలో కంపెనీ పుస్తకం చూసుకోవాలి. అది ఒప్పుకుంటే 20డబ్ల్యూ-40 రకం కన్నా, చలిలో అంతగా చిక్కబడని 15డబ్ల్యూ-40 రకం తేలిక.

సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్నా స్టార్ట్ కాకపోతే సైలెన్సరు వైపు చూడాలి. తెల్లని పొగ ముద్దగా వస్తూ కళ్లు మండుతుంటే డీజిల్ అందుతోంది, కానీ అంటుకోవడం లేదు; అప్పుడు అనుమానించాల్సింది డీజిల్ చిమ్మే నాజిళ్లను, రింగులను. పొగ ఏమాత్రం లేకపోతే డీజిల్ అసలు రావడం లేదు. పైపు జాయింటులో వాషరు సరిగా కూర్చోకపోతే రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోయి, ఆ చోటును గాలి ఆక్రమిస్తుంది. డీజిల్ ఫిల్టరు మీది బోల్టు వదులు చేసి చేతిపంపు కొడితే మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని ధార వస్తాయి. ధార అలా కుదిరాకే బోల్టు బిగించాలి. రోజూ పొద్దున ఇలా ఎయిర్ తీయాల్సి వస్తోందంటే ఆ వాషరును మార్చే దాకా బాధ తీరదు.

డీజిల్ గడ్డకట్టిందేమోనన్న భయం మా ప్రాంతంలో దాదాపు అనవసరం. భారతీయ ప్రమాణం ప్రకారం శీతాకాలపు డీజిల్ 3 డిగ్రీల దాకా పారే గుణం పోగొట్టుకోకూడదు. ఫిల్టరు గిన్నె అడుగున చేరే నీళ్లే అసలు శత్రువు.

ఇక ఎయిర్ క్లీనరు ముందు కిరసనాయిలు గుడ్డ ముట్టించడం, ఆయిల్ ట్యాంకు కింద మంట పెట్టడం ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తున్నాయి; ట్రాక్టరుతో పాటు పాకను కూడా పోగొట్టుకునే మార్గాలివి. కొన్ని పాత ఇంజన్ల మానిఫోల్డుకు (సిలిండర్లలోకి గాలి వెళ్లే గొట్టానికి) గాలిని వేడిచేసే చిన్న హీటరు ఉంటుంది. దాని తీగ ఎప్పుడో ఊడిపోయి ఉండే అవకాశమే ఎక్కువ. తీగ బాగుచేయించి, తాళం చెవిని హీటరు గుర్తు దగ్గర పావు నిమిషం పట్టి ఉంచి, ఆ తర్వాత సెల్ఫ్ కొట్టాలి. అలాంటి ఇంజన్‌లోకి స్టార్ట్ కావడానికి వాడే, ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే మాత్రం ఎన్నడూ కొట్టకూడదు, మానిఫోల్డులోనే పేలుతుంది.

పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టి ఉంచకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగాలి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ ప్రెషరు ముల్లు లేచే వరకు రేజ్ ఇవ్వకుండా, కొంతసేపు తక్కువ వేగంలో నడిపి, ఆ తర్వాతే ట్రాలీ తగిలించాలి.